లోవెల్ బట్టల మిల్లు మ్యూజియం: అమెరికా వెళ్లే మన నెల్లూరు, ప్రకాశం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి పిల్లల దగ్గరికని బోస్టన్ వెళ్లే అమ్మానాన్నలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వెళ్లినవాళ్లకి ఆష్‌ల్యాండ్ లక్ష్మీదేవి గుడి, హార్వర్డ్ యూనివర్సిటీ, లాంగ్ వీకెండ్ వస్తే నయాగరా, ఇవి చూపించి పంపేస్తారు. బోస్టన్ నుంచి గంట లోపు ప్రయాణంలో లోవెల్ అని ఒక ఊరుంది. అక్కడ పాత నూలు బట్టల మిల్లునే మ్యూజియంగా మార్చి, మగ్గాలు తిప్పి మరీ చూపిస్తున్నారు. ఈ సంగతి అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న మన పిల్లల్లోనే చాలామందికి తెలియదు. పాటూరు, వెంకటగిరి, చీరాల లాంటి మగ్గాల ఊళ్ల చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లు అంత దూరం వెళ్లి అది చూడకుండా తిరిగొస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మేము మా మామగారిని తీసుకుని వెళ్లొచ్చినప్పటి నుంచి చుట్టాలూ తెలిసినవాళ్లూ ఫోన్లు చేసి అడుగుతున్నవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా.

అసలు ఏంటిది? ఎవరు నడుపుతున్నారు?

పేరు బూట్ కాటన్ మిల్స్ మ్యూజియం. మసాచుసెట్స్ రాష్ట్రంలో, మెరిమాక్ నది ఒడ్డున ఉంది. 1835లో పెట్టిన బూట్ మిల్లు 1955 దాకా నడిచి మూతపడింది. తర్వాత 1978లో అమెరికా ప్రభుత్వం ఆ ఊళ్లో మిల్లులు, కాలవలు, కూలీలు ఉన్న ఇళ్లు కలిపి నేషనల్ హిస్టారికల్ పార్క్‌గా ప్రకటించింది. పార్క్ అంటే చెట్లూ పూలూ అనుకునేరు, ఊరి నడిబొడ్డే పార్క్. బూట్ మిల్లులో మ్యూజియం 1992లో తెరిచారు. అదే ఆవరణలో మిగతా బిల్డింగుల్లో ఇప్పుడు ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కాబట్టి లోపలికి వెళ్తూ "ఇక్కడ జనం కాపురం ఉంటున్నారే, మ్యూజియం ఏదీ?" అని కంగారు పడొద్దు, బోర్డులు చూసుకుంటూ వెళ్లండి.

మగ్గాలు నిజంగా తిరుగుతాయా, ఊరికే పెట్టారా?

తిరుగుతాయి. కింది అంతస్తులో 88 పవర్ మగ్గాలు వరసగా ఉంటాయి. అన్నీ డ్రేపర్ అనే అమెరికా మగ్గాల కంపెనీ తరహా పాత ఇనుప మగ్గాలు. అన్నీ ఒకేసారి తిప్పరు, కొన్నిటినే తిప్పుతారు, ఆ కొన్ని చాలు. పైకప్పు కింద పొడుగ్గా ఇనుప షాఫ్టులు తిరుగుతుంటాయి, వాటినుంచి తోలు బెల్టులు కిందికి దిగి ఒక్కో మగ్గాన్ని తిప్పుతాయి. ఈ చివర ఒక బెల్టు ఊగితే ఆ చివర దాకా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. నాడె (అడ్డం పోగుని, అంటే పేకని, అటూ ఇటూ మోసుకుపోయేది) అటొక దెబ్బ, ఇటొక దెబ్బ తింటూ నిమిషానికి వందకు పైగా సార్లు తిరుగుతుంది. మీకు కంటికి నాడె కనబడదు, దెబ్బ మాత్రమే వినబడుతుంది.

ఒక్క మాట. రిపేర్ల వల్లో, మనుషులు లేకో మగ్గాలు ఆపేసే రోజులు ఉంటాయి. ఆగిపోయిన మగ్గాల గది చూడ్డానికి పెద్దవాళ్లని అంత దూరం తీసుకెళ్లడం దండగ. బయల్దేరే రోజు పొద్దున ఫోన్ చేసి "ఈ రోజు మగ్గాలు తిప్పుతున్నారా?" అని అడిగి మరీ కదలండి.

ఆ శబ్దం మా అమ్మ తట్టుకోగలదా? బీపీ ఉంది.

పెన్న మీద రైలు బ్రిడ్జి కింద నిలబడి ఉండగా పైన గూడ్సు బండి పోతుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది, అది ఆగకుండా. చెవుల్లో పెట్టుకోడానికి చిన్న ప్లగ్గులు అక్కడే ఇస్తారు, వద్దనకుండా తీసుకోండి. వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్లు లోపలికి వెళ్లేముందు తీసేయడమో తగ్గించుకోవడమో చేయాలి. చెక్క నేల కూడా అదురుతుంది, ఆ అదురు పాదాలకి తెలుస్తుంది. నాలుగైదు నిమిషాలు ఉండి బయటికొచ్చేస్తే మామూలుగా ఇబ్బంది ఉండదు. గుండె జబ్బు గట్టిగా ఉన్నవాళ్లయితే మాత్రం డాక్టర్ని అడిగే వెళ్లండి.

ఒకటి మాత్రం ఆలోచించండి. మనం చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని అయిదు నిమిషాలు నిలబడి వచ్చేస్తాం. ఆ గదిలో పనిచేసినవాళ్లు రోజుకి పన్నెండు, పదమూడు గంటలు ప్లగ్గులు లేకుండా ఉన్నారు. ఇలాంటి మిల్లుల్లో నేసేవాళ్లు ఒకళ్ల పెదాలు చూసి ఇంకొకళ్లు మాట పోల్చుకునేవాళ్లు. పోగులు తెగకుండా ఉండాలంటే గాల్లో తేమ ఉండాలి కాబట్టి కిటికీలు మూసి ఆవిరి వదిలేవాళ్లు. ఆ ఉక్కలో దూది నుసి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయేవి. మన దగ్గర ఆ తేమ కోసమే నేలలో గుంట తవ్వి గుంట మగ్గం పెడతారు, నేల చల్లదనం పడుగుకి, అంటే నిలువు పోగులకి, తగులుతుంది. సమస్య ఒకటే, కానీ వాళ్ల దారి మనిషి ఆరోగ్యం మీదికి వచ్చింది.

మా నాన్న మగ్గం నేసిన మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన్ని తీసుకెళ్లి ఏం లాభం?

నన్నడిగితే అసలు తీసుకెళ్లాల్సిందే ఆయన్ని. మీరు వెళ్లకపోయినా పర్వాలేదు.

మా మామగారిది పాటూరు. మోకాళ్లు సహకరించినన్నాళ్లు గుంట మగ్గం మీద నేశారు. చెల్మ్స్‌ఫర్డ్‌లో ఉంటున్న మా ఆడబిడ్డ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన్ని లోవెల్ తీసుకెళ్లాం. గోడల మీద రాతలు మేమందరం చదువుకుంటూ నిలబడితే ఆయన ఒక్క బోర్డు వైపు కూడా చూడలేదు, నేరుగా మగ్గం పక్కకి వెళ్లి, కడ్డీకి ఇవతల నిలబడి, వంగి పడుగు చూస్తున్నారు. కాసేపటికి మా ఆడబిడ్డని పిలిచి, "అమ్మా, ఇన్ని మగ్గాలకి ఒక మనిషే అంటున్నారే, పోగు తెగితే ఎవురు చూస్తారో అడుగు" అన్నారు. అక్కడ టోపీ పెట్టుకుని ఉండే రేంజరమ్మ, అంటే పార్క్ ఉద్యోగిని, ఆ ప్రశ్న వినగానే ముఖం విప్పారి, ఆయన్ని దగ్గరగా రమ్మని పిలిచి చూపించింది. ఒక్కో పడుగు పోగుకి ఒక సన్నటి లోహపు రేకు వేలాడుతూ ఉంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది, పోగు తెగిందా, రేకు జారి కిందపడుతుంది, వెంటనే మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. అలాగే నాడెలో ఉండే దారపు చుట్ట, అంటే కండె, అయిపోతే కొత్త కండె పక్కనున్న గుండ్రటి పెట్టె నుంచి నాడెలోకి వచ్చి పడుతుంది, మగ్గం ఆగక్కర్లేదు. 1890ల్లో వచ్చిన ఈ ఏర్పాటు వల్లే ఒక్క మనిషికి బోలెడన్ని మగ్గాలు అప్పగించగలిగారు.

దానికంటే ముందు కాలపు నాడెలు కూడా చూపిస్తారు. కండె మార్చినప్పుడల్లా నాడె పక్కనుండే చిన్న రంధ్రంలోంచి పోగు బయటికి రావాలి. అదెట్లా తెచ్చేవాళ్లో రేంజరమ్మ చెప్పబోతుంటే మా మామగారు నాడె పట్టుకున్నట్టు చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, పెదాలు బిగించి, లోపలికి ఒక్కసారి పీల్చి చూపించారు. ఆమెకి మాట రాలేదు. మన నేతగాళ్లు చేసేదీ అదే కదా. అక్కడ ఒకే నాడెని వేరే వేరే మనుషులు నోట్లో పెట్టుకోవడం వల్ల క్షయలాంటి జబ్బులు పాకుతున్నాయని గొడవ జరిగి, చివరికి 1911లో మసాచుసెట్స్‌లో ఆ పద్ధతిని చట్టం పెట్టి ఆపారు.

ఇంగ్లీషు రాకపోతే ఏం, పక్కన తర్జుమా చేసే పిల్లో పిల్లాడో ఒకళ్లు ఉంటే చాలు. ఒక్కటే, పెద్దాయన్ని తొందరపెట్టకండి. "పదండి పదండి, ఇంకా చాలా ఉంది చూడాల్సింది" అని లాక్కుపోవద్దు. ఆయన ఆ గదిలో గంట ఉంటే గంట ఉండనివ్వండి.

అంత పెద్ద మిల్లులు అక్కడే ఎందుకు పెట్టారు?

నీళ్ల కోసం. మెరిమాక్ నది అక్కడ పాటకెట్ జలపాతం దగ్గర 32 అడుగులు కిందికి దిగుతుంది. ఆ దిగుడునే శక్తిగా వాడుకోడానికి ఊరంతా కాలవలు తవ్వి, ఒక్కో మిల్లు కిందనుంచీ నీళ్లు పారించారు. కాలవల పొడవు మొత్తం తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది.

కథ ఇంకొంచెం వెనక మొదలవుతుంది. బోస్టన్ వ్యాపారి ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ 1810లో బ్రిటన్ వెళ్లాడు. అప్పట్లో బ్రిటన్ తన నేత యంత్రాల్ని గానీ, వాటి నమూనాల్ని గానీ బయటి దేశాలకి పోనిచ్చేది కాదు. ఈయన మిల్లులు తిరిగి చూసి, యంత్రం అమరికంతా బుర్రలో పెట్టుకుని వచ్చి, పాల్ మూడీ అనే మెకానిక్‌ని పక్కన పెట్టుకుని బోస్టన్ దగ్గర్లోని వాల్తమ్‌లో పవర్ మగ్గం కట్టించాడు. దూది లోపలికి పోయి గుడ్డై బయటికొచ్చే దాకా పనంతా ఒకే కప్పు కింద జరిగే మిల్లు 1814 నాటికి అక్కడ నడిచింది. ఆయన 1817లో పోయాడు. తర్వాత ఆయన భాగస్తులు పెద్ద జలపాతం వెతుక్కుంటూ వచ్చి ఈ ఊరు కట్టి, ఆయన పేరు పెట్టారు. ఇక్కడ మొదటి మిల్లు 1823లో మొదలైంది.

ఇంజినీరింగ్ చదివిన పిల్లలుంటే వాళ్లకి జేమ్స్ ఫ్రాన్సిస్ సంగతి చెప్పండి. ఈ కాలవల కంపెనీకి చీఫ్ ఇంజినీరు ఆయన. ఫ్రాన్సిస్ టర్బైన్ (నీటి ధారతో తిరిగే చక్రం) పుట్టింది ఈ ఊళ్లోనే, 1848 ప్రాంతంలో. మన శ్రీశైలం కుడిగట్టు పవర్ హౌస్‌లో తిరిగేవి ఆ రకం టర్బైన్లే. ఆయనే 1850లో, నదికి పెద్ద వరదొస్తే ఊరు మునిగిపోతుందని కాలవ మీద ఒక భారీ చెక్క గేటు కట్టించి పైకి వేలాడదీసి ఉంచాడు. జనం అదొక పిచ్చి పని అని నవ్వారు. రెండేళ్లు తిరక్కుండానే, 1852లో వరదొచ్చింది, గేటు కిందికి వదిలారు, ఊరు బతికింది. మళ్లీ 1936 వరదలోనూ అదే గేటు ఆదుకుంది. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు దగ్గర రోడ్డూ పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ కొట్టుకుపోవడం చూసినవాళ్లం, ఆ గేటు ముందు నిలబడితే మనకి చాలా ఆలోచనలొస్తాయి. కాలవల మీద పార్క్ వాళ్ల పడవ టూర్ ఉంటుంది, వీలైతే అందులో అటువైపు వెళ్లి రండి.

మిల్లు గర్ల్స్ అంటారు కదా, ఎవరు వాళ్లు?

మ్యూజియంలో నాకు అన్నిటికంటే నచ్చింది వీళ్ల భాగమే, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా.

మొదట్లో మిల్లుల్లో పనికి చుట్టుపక్కల పల్లెల్లోని రైతు కుటుంబాల ఆడపిల్లల్ని పిలిచారు. పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల లోపు పిల్లలే ఎక్కువ. ఊరొదిలి, తల్లిదండ్రుల్ని వదిలి, కంపెనీ కట్టిన ఇళ్లల్లో ఉండేవాళ్లు. ఒక్కో గదికి ఆరుగురు, ఎనిమిది మంది, ఒక మంచం మీద ఇద్దరు. రాత్రి పదికి తలుపులు మూసేవాళ్లు, ఆదివారం చర్చికి వెళ్లి తీరాలి. తెల్లారకముందే గంట మోగితే లేవాలి, గంటకి లోపలికి పోవాలి, గంటకి తినాలి. వారానికి సగటున 73 గంటల పని. మిల్లు ముందు ఆ గంట స్తంభం ఇప్పటికీ ఉంది, చూడండి.

ఇంత కష్టంలోనూ వాళ్ల చేతికి సొంత డబ్బులొచ్చాయి, తిండికీ అద్దెకీ పోను కొంత మిగిలేది. ఇంటి అప్పు తీర్చినవాళ్లున్నారు, అన్నదమ్ముల్ని చదివించినవాళ్లున్నారు. రాత్రిళ్లు పాఠాలు వినడానికి వెళ్లారు, 1840 నుంచి 1845 దాకా ది లోవెల్ ఆఫరింగ్ అని తమ రాతలతో తామే ఒక పత్రిక నడిపారు. కూలి తగ్గించబోతే 1834లో పని ఆపి వీధుల్లోకి వచ్చారు. ఇళ్లల్లో భోజనం ఖర్చు పెంచితే 1836లో మళ్లీ వచ్చారు, అప్పుడు మిల్లులో పనిచేసే హారియట్ హాన్సన్ అనే పిల్ల వయసు పదకొండేళ్లు. చుట్టూ ఉన్న పెద్దపిల్లలు వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే, ఎవరొచ్చినా రాకపోయినా నేను పోతున్నానని ఆ పిల్ల ముందు నడిచింది, మిగతావాళ్లు వెనక నడిచారు. తర్వాత మిల్లులో పనిచేసిన సారా బాగ్లీ రోజుకి పది గంటల పని కోసం సంతకాలు పోగుచేయించి, 1845లో రాష్ట్ర శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. ఆ పది గంటల చట్టం ఆడవాళ్లకీ పిల్లలకీ వచ్చేసరికి 1874 అయింది.

మిల్లుకి దగ్గర్లోనే మోగన్ సెంటర్ అనే పాత బోర్డింగ్ ఇంట్లో వాళ్ల భోజనాల గది, వంటిల్లు, పడక గది అప్పట్లాగే సర్ది పెట్టారు. చాలామంది మగ్గాలు చూసి ఇటు రాకుండానే వెళ్లిపోతారు. దయచేసి వదలొద్దు. హాస్టల్లో ఉండి చదువుకున్న ఆడపిల్లలకి ఆ గది చూస్తే ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ పత్తి ఎక్కడ పండింది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్న ఇదే.

లోవెల్ చుట్టుపక్కల పత్తి పండదు, చలి దేశం. దూదంతా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చేది, అది పండించినవాళ్లు బానిసలు. ఇక్కడ జీతాల కోసం సమ్మె చేసిన ఆడపిల్లల చేతుల్లో తిరిగిన ప్రతి పోగూ, కూలి అనే మాటే లేని మనుషుల చేతులమీదుగా వచ్చిందే. అంతే కాదు, బానిసలకి వేయడానికి ముతక గుడ్డ కూడా ఈ మిల్లుల్లోనే నేసి దక్షిణాదికి అమ్మారు. మ్యూజియం ఈ సంగతి దాచలేదు, గోడ మీదే రాసి పెట్టింది. మిల్లులో పనిచేసే అమ్మాయిల్లో కొందరు బానిసత్వం పోవాలని అర్జీల మీద సంతకాలు కూడా పెట్టారు.

మనం దీన్ని పరాయి దేశం కథగా చూసి వచ్చేయకూడదు. పద్దెనిమిదో శతాబ్దంలో మన కోరమాండల్ తీరం నుంచి, అంటే నెల్లూరు, ప్రకాశం తీరం కూడా కలిసిన ఈ ఒడ్డు నుంచి, సాలెంపూరు అనే నీలిమందు అద్దిన గుడ్డ ఓడల్లో పోయేది. ఆఫ్రికా పశ్చిమ తీరంలో మనుషుల్ని కొనడానికి సరుకుగా వాడారు, వెస్టిండీస్ తోటల్లో బానిసలకి కట్టబెట్టారు. నేసినవాళ్లకి ఆ గుడ్డ ఎక్కడికి పోతుందో తెలిసే వీలే లేదు. తర్వాత బ్రిటన్ మిల్లు గుడ్డ వచ్చి మన నేతగాళ్ల పొట్ట కొట్టింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, మన పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది, యుద్ధం ముగియగానే ధర కుప్పకూలింది. ఇవన్నీ ఒకే పడుగు పేకలు. లోవెల్‌లో గోడ మీద పత్తి దారుల గురించి చదువుతున్నప్పుడు మన ఊరు కూడా అందులో ఉందని గుర్తుపెట్టుకుని చదవండి.

ఎట్లా వెళ్లాలి?

కారైతే బోస్టన్ నుంచి 45 కిలోమీటర్ల పైచిలుకు, ట్రాఫిక్ లేకపోతే ముప్పావు గంట. పార్క్ విజిటర్ సెంటర్ పక్కన పార్కింగ్ ఉంది, అక్కడ పెట్టుకుని నడవొచ్చు. కారు లేకపోతే నార్త్ స్టేషన్ నుంచి లోవెల్‌కి లోకల్ రైలుంది, అదీ ముప్పావు గంటే. లోవెల్ స్టేషన్‌లో దిగాక ఊళ్లోకి ఇరవై నిమిషాల నడక, పెద్దవాళ్లుంటే బస్సో ట్యాక్సీనో చూసుకోండి. పిల్లలు ఆఫీసుకి పోయాక పగలంతా ఇంట్లో కూర్చుని ఏం తోచక బాధపడే అమ్మానాన్నలు, కొంచెం ధైర్యం చేస్తే వారం మధ్యలో రైల్లో వెళ్లి రావొచ్చు. శని, ఆదివారాల కంటే జనం కూడా తక్కువ.

టికెట్ ఎంత? ఎంతసేపు పడుతుంది?

విజిటర్ సెంటర్‌కి డబ్బుల్లేవు. మిల్లు మ్యూజియం టికెట్, తెరిచే వేళలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఆ వారం సంగతి చూసుకోండి. ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్లి మ్యాప్ తీసుకుని, అక్కడినుంచి మిల్లుకి వెళ్తే తికమక ఉండదు. మిల్లూ, బోర్డింగ్ ఇల్లూ రెండూ నిదానంగా చూడాలంటే సగం రోజు. పడవ టూర్ కూడా కలిపితే రోజంతా.

మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లెక్కలేం.

లిఫ్ట్ ఉంది, వీల్‌చైర్‌లో వెళ్లొచ్చు. చీర కట్టుకున్నా ఇబ్బంది లేదు, మగ్గాలకీ మనకీ మధ్య అడ్డం ఉంటుంది. ఆవరణలో కొంత దూరం నడక తప్పదు కాబట్టి చెప్పులు బదులు షూ వేయించండి.

ఏ కాలంలో వెళ్తే మంచిది?

జూన్ నుంచి సెప్టెంబరు. పడవ టూర్లు అప్పుడే ఉంటాయి. జులై చివర్లో లోవెల్ ఫోక్ ఫెస్టివల్ అని మూడు రోజుల జానపద పండగ జరుగుతుంది, ప్రవేశం ఉచితం, వీధుల్లో పాటలూ రకరకాల దేశాల తిండీ ఉంటుంది. ఆ రోజుల్లో రద్దీ విపరీతం, మ్యూజియం నిదానంగా చూడాలనుకునేవాళ్లు ఆ వారం వదిలేయండి. డిసెంబరు, జనవరిల్లో మన నెల్లూరు ఒళ్లు ఆ చలికి ఆగదు.

తిండి సంగతి?

పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లేవాళ్లు ఎట్లాగూ కట్టుకెళ్తారు. మాంసాహారులైతే ఒక మంచి సంగతి ఉంది. లోవెల్‌లో కంబోడియా వాళ్లు చాలామంది స్థిరపడ్డారు, అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ తర్వాత వాళ్లు అంత ఎక్కువగా ఉన్నది ఇక్కడే. వాళ్లది అన్నం, చేపల తిండి. బర్గర్లూ పిజ్జాలూ చూసి మొహం మొత్తిన మన నెల్లూరు మనిషికి వేడి అన్నం, చేప దొరికితే అంతకంటే ఏం కావాలి. చింతపండు పులుసు కలిపిన వంటలూ ఉంటాయి, అడగండి.

చిన్నపిల్లలకి బోర్ కొట్టదా?

బోర్డులు చదివిస్తే కొడుతుంది. వాళ్లకి ఒక్కటే చెప్పండి: హారియట్ పదేళ్లకే మిల్లులో చేరింది, నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టడం ఆమె పని. ఆ తర్వాత వాళ్లే ప్రశ్నలు అడుగుతారు.

మా అమ్మకి మిషన్ల మీద ఆసక్తి లేదు. ఆమెనేం చేయాలి?

అదే ఊళ్లో న్యూ ఇంగ్లండ్ క్విల్ట్ మ్యూజియం ఉంది, నడిచి వెళ్లేంత దూరమే. ముక్కలు ముక్కలు కలిపి కుట్టిన బొంతలు గోడలకి వేలాడదీసి ఉంటాయి. పాత చీరలు పొరలు వేసి బొంత కుట్టిన ఆడవాళ్లు మనిళ్లలో ఇంకా ఉన్నారు కదా, వాళ్లు ఆ కుట్టు దగ్గర ఆగిపోతారు. దానికి టికెట్ వేరే.

ఇంటర్నెట్‌లో అమెరికన్ టెక్స్‌టైల్ హిస్టరీ మ్యూజియం అని కూడా లోవెల్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది?

అది 2016లో మూతపడింది. పాత వెబ్‌సైట్లలో పేరు ఇంకా కనిపిస్తుంటుంది, ఆ అడ్రసు పట్టుకుని వెళ్లకండి.

మాకు అమెరికా వెళ్లే పని లేదు. ఇక్కడ చూడ్డానికేమైనా ఉందా?

ఉంది. పైగా ఇక్కడున్నవి మ్యూజియం కాదు, నడుస్తున్న మగ్గాలు. కోవూరు మండలం పాటూరు నెల్లూరుకి కూతవేటు దూరం. వెంకటగిరి 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి పోయాయి గానీ, మనకి ఎప్పటికీ మన ఊళ్లే. వెంకటగిరిలో జాందానీ పనిచేసే మగ్గం పక్కన కూర్చుని, పేక మధ్యలో చిన్న చిన్న పోగులతో బుటా ఎట్లా ఎక్కిస్తారో ఒక్కసారి చూడండి, చీర ధర ఎందుకంత అని ఇంకెప్పుడూ బేరమాడరు. తెలిసినవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి, పని చెడగొట్టకుండా కాసేపే ఉండండి, వాళ్ల దగ్గరే ఒక చీరో పంచో కొనండి. వానాకాలం వద్దు. గుంటల్లో నీళ్లూరి, గంజి పెట్టిన పడుగు ఆరక, వాళ్ల బాధలో వాళ్లుంటారు.

ఇందుకూరుపేట మండలం పల్లెపాడులో, పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. మిల్లు గుడ్డకి జవాబుగా రాట్నం పట్టుకున్న కాలం అది. లోవెల్ చూసొచ్చినవాళ్లు ఇక్కడికి ఒకసారి తప్పకుండా వెళ్లాలని నా కోరిక. చెన్నై వైపు పనుంటే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద దక్షిణచిత్ర అనే మ్యూజియంలో నేతగాళ్ల పాత ఇళ్లు తెచ్చి నిలబెట్టారు, మంగళవారం సెలవు. దూరం వెళ్లగలిగితే అహ్మదాబాద్‌లో 1949లో సారాభాయ్ కుటుంబం పెట్టిన క్యాలికో అనే బట్టల మ్యూజియం ఉంది, ముందుగా పేరు నమోదు చేసుకోకుండా వెళ్తే లోపలికి రానివ్వరు, బుధవారం సెలవు.

ఫోటోలు తీసుకోవచ్చా? ఏం కొనాలి?

మామూలు ఫోటోలకి అభ్యంతరం లేదు, ఫ్లాష్ వేయకండి. వీడియో అయితే మగ్గం శబ్దం వచ్చేలా కొంచెం తీసుకోండి, ఇంటికొచ్చాక పెద్దవాళ్లు పదే పదే పెట్టమంటారు. మ్యూజియం దుకాణంలో ఆ మగ్గాల మీదే నేసిన గుడ్డతో చేసిన వంటింటి తువ్వాళ్లు అమ్ముతారు. ముతగ్గా, గట్టిగా ఉంటాయి, అంచు శుభ్రంగా వస్తుంది. మగ్గం నేసినవాళ్లకి ఇవ్వాలనుకుంటే అయస్కాంతం బొమ్మలూ కీచైన్లూ కొనకుండా ఆ తువ్వాలు ఒకటి తీసుకోండి, చేత్తో తడిమి అంగుళానికి ఎన్ని పోగులో వాళ్లే చెప్తారు. దుకాణం మ్యూజియం కంటే ముందే మూసేస్తే ఇబ్బంది కాబట్టి, లోపలికి వెళ్లేటప్పుడే వేళ అడిగి ఉంచుకోండి.